అపూర్వసింధుకు తొమ్మిది భాషలు

గౌలిపుర, హైదరాబాద్
జూన్ 14

హరిప్రియక్కకు,

నువ్వు చెప్పినట్టే ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాస్తున్నాను. "ఫోన్‌లో నీ రాతను తిడితే ఏడుపు బొమ్మ ఒకటి పంపి తప్పించుకుంటావు, ఉత్తరంలో తప్పించుకోలేవు" అని కాకినాడ రైలెక్కే ముందు అన్నావు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు కొంచెం భయంగా ఉంది.

కవరులో ఉన్నవి నేను రాసిన మొదటి మూడు అధ్యాయాలు. మన కాలేజీ లైబ్రరీలో పుస్తకం అడ్డం పెట్టుకుని ఫోన్‌లో చూసేవాళ్ళం కదా, 'మయూరకోట' సీరియల్, దాని మీద రాశాను. కోట, యువరాజు రణధీరుడు, అతని సవతి తల్లి, అందరూ సీరియల్‌లోని వాళ్ళే. నేను చేర్చింది ఒక్క మనిషిని. ఆమె పేరు అపూర్వసింధు. సీరియల్ అభిమానులు ఇలాంటి కథలు రాసుకునే యాప్ ఒకటుంది, అందులో పెడుతున్నాను. ప్రతి అధ్యాయం కింద పాఠకులు గులాబీలు పెడుతున్నారు. ఒకామె "నేను కూడా ఇలా పుట్టి ఉంటే బాగుండేది" అని రాసింది.

ఇంట్లో చెప్పలేదు. పరీక్షలకు చదువుతున్నాననుకుంటున్నారు. అమ్మ పాల గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి వెళ్తుంది. బయట పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళతో బాపు గొంతు తగ్గించి, "మెల్లగ మాట్లాడున్రి, లోపట సుజన సదువుతుంది" అంటాడు. ఆ తగ్గించిన గొంతు గల్లీ చివరిదాకా వినిపిస్తుంది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. కథ ఎలా రాయాలో అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. నిజం చెప్పు, మొహమాటపడకు.

నీ సుజన

తా.క. కళ్ళ రంగు మార్చమని మాత్రం చెప్పకు.


కాకినాడ
జూన్ 25

సుజనా,

మొహమాటపడొద్దన్నావు కనుక పడటం లేదు.

మీ అపూర్వసింధుకు తొమ్మిది భాషలు వచ్చు. కత్తి తిప్పడం వచ్చు. వీణ, గుర్రపుస్వారీ, పాముకాటు వైద్యం, చివరికి ఏనుగు మనసులో ఏముందో చెప్పడం కూడా వచ్చు. ఇదంతా పంతొమ్మిదేళ్ళకే. మధ్యలో అన్నం ఎప్పుడు తిన్నదో ఎక్కడా రాయలేదు. కళ్ళు మామూలుగా శంఖుపూల రంగు, కోపం వస్తే దానిమ్మ రంగు అన్నావు. మా పక్కింటాయనకు అలాగే అవుతుంటే కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు.

"తన అందం తనకే తెలియని అమాయకురాలు" అని రాశావు. తెలియనిది మొదటి అధ్యాయంలో అద్దం ముందు, రెండో అధ్యాయంలో కొలను ముందు, మూడో అధ్యాయంలో యువరాజు కవచం ముందు అంతసేపు నిలబడి ఏం వెతుకుతోంది?

యువరాజు ఆమెను ప్రేమించాడు, సరే. సేనాపతీ ప్రేమించాడు. వంటవాడూ ప్రేమించాడు. చిలుక తిండి మానేసింది. ఇక ఆ సవతి తల్లి. కోట తాళాల కోసం ఇద్దరిని బావిలో తోయించిన మనిషి, అపూర్వసింధు ఒక్క ఉపన్యాసం ఇవ్వగానే కన్నీళ్ళతో తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టేసింది. బావిలో ఉన్నవాళ్ళు ఏమనుకోవాలి?

నాకు నిజంగా కోపం వచ్చిన చోటు వేరే. "ఆమె వేళ్ళు తాకగానే రాజుగారి ఆవు బంగారు బిందె నింపేసింది" అని రాశావు. ఇంకెవరైనా రాస్తే నవ్వి ఊరుకునేదాన్ని. నువ్వు పాలవాళ్ళ పిల్లవు. మీ పక్కింటి రామలింగయ్యగారి బర్రె బిజిలీ ఆయన భార్య చీర వాసన తగలందే పాలు చేపదని, ఆవిడ ఊరెళితే ఆయనే ఆ చీర చుట్టుకుని బిజిలీ పక్కన కూర్చుంటాడని కడుపు పట్టుకుని నవ్వుతూ నాకు చెప్పింది నువ్వే. అంత మంచి ముచ్చట చేతిలో పెట్టుకుని బంగారు బిందె ఎందుకమ్మా?

మా అమ్మ మాత్రం నీ పక్షం. "ఆ పిల్లకేం తక్కువే? లక్షణంగా ఉంది. నీకే కుళ్ళు" అంటోంది. నాలుగో అధ్యాయం ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది.

ఒక్కటే కోరిక. ఆమె చేత ఒక్క తప్పు చేయించు. చిన్నదైనా చాలు. అప్పుడు నేనూ ప్రేమిస్తాను, వంటవాడి వెనక వరుసలో నిలబడి.

హరిప్రియ


గౌలిపుర
జూలై 20

అక్కా,

కోపం వచ్చి ఇన్నాళ్ళు రాయలేదు. బావిలో వాళ్ళ సంగతి చదివి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

నీకు తప్పులు చేసేవాళ్ళు ముద్దుగా కనిపిస్తారు. ఎందుకో ఆలోచించాను. మీ నాన్న ఆదిశేషయ్యగారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేశారు. మీ తాతగారు బడిపంతులు. మీ ఇంట్లో నువ్వు తప్పు చదివితే పక్క గదిలోంచి ఎవరో ఒకరు దిద్దుతారు. మా ఇంట్లో నేను తప్పు చదివితే అది తప్పని తెలిసిన మనిషి లేదు. అందుకే నేను తప్పు చదవకూడదు. అపూర్వసింధు సంగతీ అంతే అనుకో.

అయినా బాపు నా గురించి చెప్పేవి వింటే అపూర్వసింధు మామూలు పిల్ల అంటావు. నేను బ్యాంకులో ఆయనకు ఒక కాగితం నింపి ఇచ్చాను. అక్కడి ఆయన తీసుకుని ముద్ర వేశాడు, అంతే. బాపు చెప్పేది ఇది: "మేనేజర్ కుర్సీల కెల్లి లేసి నిలవడ్డడు. ఏం రైటింగమ్మా, గిసొంటి రైటింగ్ నా సర్వీసుల సూడలే అన్నడు." అమ్మకు మందులు తెచ్చినప్పుడు దుకాణంలో చీటీ చదివి వినిపించాను. సాయంత్రానికి నేను డాక్టరుకే తప్పు చూపించినట్టయింది. గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి మా గల్లీలో అమ్మే సక్కుబాయి నన్ను పట్టుకుని, "ఔనా బిడ్డా, డాక్టరు చెవులు పట్టుకున్నడంట?" అని అడిగింది. ఇలా అడిగినప్పుడు నేను నవ్వుతాను. ఔననను, కాదనను.

మొన్న పశువుల విషయమై మున్సిపాలిటీ నుంచి ఒక సారు వచ్చారు. బాపు నన్ను పిలిచి, "మా బిడ్డ ఇంగ్లీషుల డిగ్రీ జేస్తుంది సార్, ఏమున్నా ఆమెతోని మాట్లాడున్రి" అన్నాడు. నేను చదివేది బీకాం, పేపర్లు ఇంగ్లీషులో, అంతే. ఆ సారు చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడారు. నేనూ జవాబిచ్చాను. గల్లీ అంతా నిలబడి చూసింది. బాపు ఆ సంతోషంలో టీ తాగడం మరిచిపోయాడు.

నాలుగో అధ్యాయం పంపుతున్నాను. ఇందులో పరదేశపు దూత దర్బారుకు వస్తాడు. అతని మాట ఎవరికీ అర్థం కాదు. అపూర్వసింధు అనువాదం చేసి యుద్ధం ఆపేస్తుంది. అమ్మగారికి చూపించు. నువ్వు చదవకపోయినా పరవాలేదు.

సుజన


కాకినాడ
ఆగస్టు 1

సుజనా,

నేనూ చదివాను, అమ్మ చేతిలోంచి లాక్కుని.

ముందు మా ఇంటి సంగతి. తప్పు చేస్తే దిద్దుతారని రాశావు. దిద్దరు, దాచుకుని పండగ చేసుకుంటారు. ఎనిమిదో తరగతిలో నేను పొరబాటున జవాబుపత్రం మీద నా పేరుకు బదులు మా టీచరు పేరు రాస్తే, మా నాన్న ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ కథ చెబుతారు. అయినా నువ్వన్నదాంట్లో నిజముంది.

ఇక దుబాసీ అపూర్వసింధు. దూత నోరు తెరిచీ తెరవకముందే ఈవిడ అనువాదం పూర్తి చేసింది. అతను అనబోయేది కూడా ముందే చెప్పేసింది. అలాంటప్పుడు అతన్ని అంత దూరం నుంచి ఒంటె మీద రప్పించడం ఎందుకు? ఇంట్లోనే ఉండమంటే సరిపోయేది. సుజనా, రెండు భాషల మధ్య నిలబడ్డ మనిషి ఎవరైనా కనీసం ఒకసారి చెయ్యెత్తి, "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి" అంటారు. ఎప్పుడూ ఆ మాట అననిది మనిషి కాదు, మైకు.

మీ బాపును మాత్రం ఎంత బాగా రాశావు. ఆయన పక్కన రణధీరుడు అట్టబొమ్మ. ఉత్తరాల్లో ఇలా రాసేదానివి కథలో అలా ఎందుకు రాస్తావో నాకు అర్థం కాదు.

ఒక చిన్న అనుమానం. బ్యాంకు మేనేజరు అనని మాట కూడా రాశావు. సక్కుబాయి మాట రాశావు. ఆ మున్సిపాలిటీ సారు చాలాసేపు మాట్లాడారని రాసి, ఆయన అన్నది ఒక్క ముక్క కూడా రాయలేదేం? నువ్వేం జవాబిచ్చావో కూడా లేదు. ఇంతకీ ఆయన ఏమన్నారు?

హరిప్రియ


గౌలిపుర
ఆగస్టు 9

అక్కా,

ఆయన ఏమన్నారో నాకు తెలియదు.

"యానిమల్స్" అన్నది తెలిసింది. "ఔట్‌సైడ్" అన్నది తెలిసింది. మిగతాదంతా చెవి పక్కనుంచి పోయింది. ఆయన ఆగిన ప్రతిచోటా నేను "యెస్ సార్" అన్నాను. ఆయన నవ్వినప్పుడు నవ్వాను. నేనిచ్చిన జవాబు అదే.

సారు బండెక్కి వెళ్ళగానే బాపు అడిగాడు.

"ఏమన్నడు బిడ్డా?"

సమజ్ గాలేదు బాపూ అందామనే నోరు తెరిచాను. సక్కుబాయి పూలబుట్ట కింద పెట్టి నా నోటివంకే చూస్తోంది. రామలింగయ్య పెద్దనాన్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు, పెద్ద సారు ముందు నిలబడ్డట్టు.

"బర్లను బయటికి తీస్కపోవాల్నంట" అన్నాను.

"ఎవలయి?"

"అందరియి."

"ఎన్ని దినాలు?"

"ఇగ అంతే."

ఆ 'ఇగ అంతే' నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అధ్యాయం చివర ఉలిక్కిపడేలా ఒక మాట పెట్టే అలవాటు నాకుంది కదా, అదేనేమో.

ఆ రోజు నుంచి గల్లీలో మాటలు లేవు. ఒక్క బాపే అందరికీ ధైర్యం చెబుతున్నాడు. "ఫికర్ జెయ్యకున్రి. సుజన ఆఫీసుకు పోయి ఒక్క మాట మాట్లాడ్తది, సారు కరిగిపోతడు. ఆర్డర్ వాపస్ తీస్కుంటడు." పెద్దనాన్న నమ్మలేదు. ఎట్లాగూ పోవాల్సినవే అని నిన్న బిజిలీని జల్‌పల్లి మనిషికి అమ్మేశాడు. మిగతా రెండింటినీ పదిహేనో తేదీ దాటాక తోలుకుపోతారు. పెద్దమ్మ ఖాళీ గుంజ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. మాకూ వాళ్ళకూ ఒకటే గోడ. నేను ఐదో అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు.

రేపు పొద్దున ఆఫీసుకు పోతున్నాం. బాపు తెల్ల అంగీ ఇస్త్రీ చేయించాడు. నేను ఒక్క ఉపన్యాసం ఇస్తే తాళాల గుత్తి వచ్చేస్తుందనుకుంటున్నాడు. ఆయన యాప్‌లో నా కథ చదవలేదు, ఒట్టు. ఆయనకే పుట్టింది ఆ ఆలోచన.

నీకు ఫోన్ చేయొచ్చు. చేస్తే ఏడుపు బొమ్మ పంపుతాను, నువ్వు జాలిపడతావు, నాకు మనసు తేలికవుతుంది, బిజిలీ జల్‌పల్లిలోనే ఉంటుంది. అందుకే చేయడం లేదు.

సుజన


కాకినాడ
ఆగస్టు 14

సుజనా,

ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

ఈ ఉత్తరంలో కొట్టివేతలున్నాయి చూశావా. ఇప్పటిదాకా నీకు పంపిన ప్రతి ఉత్తరం ముందు చిత్తు రాసి, దిద్ది, తిరగరాసి పంపిందే. ఒంటె జోకు మూడోసారికి కుదిరింది. నీ అపూర్వసింధుకు తప్పులు లేవని తిట్టిన నేను, నా ఉత్తరంలో ఒక్క కొట్టివేత ఉంటే కాగితం చింపేదాన్ని. నవ్వాలనిపిస్తే నవ్వు.

మొన్న నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఒక పిల్ల ఏదో అడిగింది. నాకు తెలియదు. "రేపు చెప్పుకుందాం" అన్నాను. మర్నాడు తలనొప్పి అని సెలవు పెట్టాను. ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది, పిల్ల నన్ను చూసినప్పుడల్లా అది దాని మొహంలో కనిపిస్తోంది.

అమ్మ నీ ఉత్తరం చదివి, "ఆ పిల్లనేం అనకు" అంది. ఏమీ అనను. ఏమైందో రాయి. కథలా వద్దు, జరిగినట్టు రాయి.

హరిప్రియ


గౌలిపుర
ఆగస్టు 25

అక్కా,

జరిగినట్టే రాస్తున్నాను. ఫోన్ ఎత్తనందుకు ఏమనుకోకు. నువ్వు చేసిన మొదటిసారి నా చేతిలో తాడు ఉంది. ఎందుకో చెబుతాను.

నేను నీకు రాసిన మర్నాడు సారు దొరకలేదు. పదమూడున మళ్ళీ ఆఫీసుకు ఆటోలో బాపు, పెద్దనాన్న, సక్కుబాయి, నేను పోయాం. నా గురించి దారంతా ఆటో ఆయనకు బాపు చెబుతూనే ఉన్నాడు. ఆయన అద్దంలో నన్ను చూసి, "వకీల్ హై క్యా?" అని అడిగాడు. బాపు "వకీల్ సే జ్యాదా" అన్నాడు, వకీలు కన్నా ఎక్కువట.

సారు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. కుర్చీలోంచి లేవలేదు. ఈ మాట గుర్తుపెట్టుకో. బాపు నన్ను ముందుకు నెట్టాడు. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం తయారుచేసుకుని వెళ్ళాను. అది రాలేదు. తెలుగులోనే అన్నాను.

"సార్, ఆ రోజు మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"అన్నిటికి యెస్ సార్, యెస్ సార్ అన్నవు గదమ్మా."

"అన్న సార్. సమజై కాదు."

బాపు నా వైపు చూడలేదు. బల్ల మీది గాజు గుండు వైపు చూశాడు. సారు టీ గ్లాసు కింద పెట్టారు. తిడతారనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు.

"మీ బాపు ఇంగ్లీషుల డిగ్రీ అనంగనే నాకు భయమైందమ్మా. తెలుగుల మాట్లాడ్తె తక్కువ జూస్తరని మొత్తం ఇంగ్లీషే అందుకున్న. నాది సుత తెలుగు మీడియమే. నువ్వు ఆగకుంట యెస్ సార్ అంటుంటే, పర్వాలే, మంచిగనే మాట్లాడుతున్న అనుకున్న."

ఆయన చెప్పింది ఇదీ. వానాకాలం టీకాలు వేస్తున్నారు. బర్రెలన్నిటినీ ఒక్క పూట బయట మైదానానికి తోలుకురావాలి. చెవికి బిళ్ళ వేసి, టీకా ఇస్తారు. మళ్ళీ తోలుకుపోవచ్చు. పేడ మురుగునాలాలో వేయకూడదు.

"గంతేనా?" అన్నాడు పెద్దనాన్న.

"గంతే."

"మల్ల నా బిజిలీ?"

సక్కుబాయి నా వైపు తిరిగింది. "సమజ్ గాలే అని ఒక్క మాట అంటే నీ నోట్ల ముత్యాలు రాలిపోతుండెనా బిడ్డా? నాకైతే సగం ముచ్చట్లు సమజ్ గావు. నేను బతుకుతలేనా?"

పెద్దనాన్న నన్ను తిట్టలేదు. "నడువు జల్‌పల్లి" అన్నాడు. ఇంటికి పోయి పెద్దమ్మ పాత చీర ఒకటి మూటగట్టి నా చేతిలో పెట్టాడు. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి, అంత దూరం నడవలేదు.

ఆ జల్‌పల్లి మనిషి మమ్మల్ని చూసి వాకిట్లోకి ఎదురొచ్చాడు. బిజిలీ పోయిన రోజు నుంచి ఒక్క చుక్క పాలివ్వలేదట. బకెట్ తన్నిందట, ఆయన బావమరిదిని తన్నిందట. "తీస్కపో తాతా. గిది బర్రె గాదు, మా అత్త" అన్నాడు. ఇచ్చిన పైసలు వాపస్ తీసుకుని తాడు విప్పేశాడు.

నా డ్రెస్సు మీదే పెద్దమ్మ చీర చుట్టుకున్నాను. బిజిలీ కొంగు వాసన చూసింది, మెడ సాచింది, నడిచింది. జల్‌పల్లి నుంచి మా గల్లీదాకా నేను ముందు, అది వెనక, పెద్దనాన్న దాని వెనక. నీ ఫోన్ మోగింది చాంద్రాయణగుట్ట చౌరస్తాలో. బస్సులు ఆగిపోయాయి. మా క్లాసు అమ్మాయి స్కూటీ ఆపి, "సుజనా, ఏంది గిది?" అని అడిగింది. "బర్రె" అన్నాను.

దారి పొడుగునా పెద్దనాన్న మాట్లాడలేదు. గల్లీ మొదట్లో మాత్రం, "తాడు గుంజకు. దాని ఇష్టంగ నడువనియ్" అన్నాడు. ఇప్పటిదాకా ఆయన నాతో అన్నది అదే. పెద్దమ్మ మాట్లాడుతోంది.

ఐదో అధ్యాయం పంపుతున్నాను. దర్బారు నిండా జనం చూస్తుండగా అపూర్వసింధు చెయ్యెత్తి దూతను ఆపి, "నాకు అర్థం కాలేదు" అంటుంది. గులాబీలు సగం తగ్గిపోయాయి. అపూర్వసింధులా పుట్టి ఉంటే బాగుండేదన్న ఆమే, "మా అపూర్వసింధును పాడు చేశారు" అని రాసి వెళ్ళిపోయింది. అమ్మగారికి కోపం వస్తుందేమో, మెల్లగా చెప్పు.

బాపు సంగతి చివరికి ఉంచాను. ఆఫీసు నుంచి వచ్చాక ఆయన పాలు పోస్తున్నాడు గాని మాట్లాడటం లేదు. ఒంట్లో బాగాలేదా అని పాలకు వచ్చినవాళ్ళు అమ్మను అడిగారు. నేను ఆయన ముందు నుంచి తల వంచుకుని పోతున్నాను. ఇవాళ పొద్దున లోపల కూర్చుని నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వాకిట్లోంచి ఆ తగ్గించిన గొంతు వినిపించింది.

"ఏమనుకున్నరు మా బిడ్డ అంటే? అంత పెద్ద సార్ని వట్టుకుని, సార్, మీరు చెప్పింది నాకు సమజ్ గాలే, మల్ల జెప్పున్రి అన్నది. గంత ధైర్యం ఎవలకుంటది? సారు కుర్సీల కెల్లి లేసి నిలవడ్డడు."

నేను బయటికి వెళ్ళాను.

"బాపూ, సారు లేవలే."

అందరూ నా వంక చూశారు. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లేవలేదా?" అన్నాడు బాపు.

"లేవలే."

ఆయన చెంబు ముంచి, ఎదుటివాళ్ళ గిన్నెలో పాలు పోసి, నురగ తగ్గేదాకా చూశాడు.

"సగం లేసిండు" అన్నాడు.

నేను లోపలికి వచ్చేశాను. మొదటి దిద్దుబాటుకు ఇది చాలు. ఒక్క ఉత్తరంతో నువ్వు నన్ను మాత్రం మార్చగలిగావా ఏమిటి?

నీ సుజన

తా.క. కళ్ళ రంగు శంఖుపూలదే. అది మార్చను.